వేయించిన విత్తనాల కథ

విత్తన పరీక్షా ప్రయోగశాలలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. అన్నేళ్లలో నా చేతిలో ఒక్క నమూనా కూడా పాడు కాలేదు. పాడైంది ఒక సంసారం. రిటైరైన రోజు సభలోనే ఈ సంగతి చెప్పాలనుకున్నాను. శాలువా కప్పి, దండ వేసి, అందరూ నా గురించి మంచి మాటలు చెబుతుంటే నోరు రాలేదు. ల్యాబులో చేరి ఏడాది కూడా కాని మీలాంటి పిల్లలు ఇప్పుడు "మేడం, మీ అనుభవాలు రాయండి" అంటున్నారు. రాస్తున్నాను. చదివాక నా మీద గౌరవం తగ్గితే తగ్గనివ్వండి.

ఎవరి పేరూ రాయను. ఊరి పేరు కూడా రాయను. కొత్తచెరువు నుంచి లోపలికి పోయే బస్సు చివర ఆగే ఊళ్లలో ఒకటి అనుకోండి, చాలు. పేరు పెట్టి చెప్పగలిగింది ఒక రాజు ఇంటి సంగతే. వాళ్లు గ్రీకుల పురాణంలోని మనుషులు. వాళ్ల పరువుకు నా వల్ల కొత్తగా వచ్చే నష్టం లేదు.

ఏటా ముంగారు వానలకు, అంటే తొలకరికి ముందు మమ్మల్ని ఊళ్లకు పంపేవాళ్లు. విత్తనం నేలలో వేసే ముందు ఇంట్లోనే ఎలా పరీక్షించుకోవాలో రైతులకు చెప్పాలి. చెప్పేది చాలా చిన్న విషయం. వంద గింజలు లెక్కపెట్టి, తడిపిన గోనెపట్టాలో వరసగా పేర్చి, చుట్టి, వారం తర్వాత విప్పి ఎన్ని మొలిచాయో చూసుకోవడం. అంత చిన్న విషయం కాబట్టే ఎవరూ వినేవాళ్లు కాదు. వేసవి మధ్యాహ్నం, బడి వరండా, పైన తిరగని ఫ్యాను. నేను మొదలుపెట్టిన ఐదు నిమిషాలకు ముందు వరసలో తలలు వాలిపోయేవి.

నాకు గ్రీకు రాజు కథ గుర్తొచ్చింది అప్పుడే. కాలేజీ రోజుల్లో లైబ్రరీలో అట్ట ఊడిపోయిన పుస్తకంలో చదివిన కథ.

అథామస్ అనే రాజు. ఆయన మొదటి భార్య నెఫెలీ, ఒక మేఘం. మాట వరసకు కాదు, నిజంగానే మేఘం. ఆమెకు ఒక కొడుకు, ఒక కూతురు. రాజుకు ఆమె మీద మనసు విరిగి ఇనో అనే ఇంకో ఆమెను చేసుకున్నాడు. మేఘం అలిగి వెళ్లిపోయింది. ఇక్కడ నేను కథ ఆపి, "మేఘం అలిగి పోతే ఏమవుతుందో అనంతపురం వాళ్లకు నేను చెప్పాలా?" అనేదాన్ని. నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి నవ్వేవాళ్లు.

ఆ తర్వాత రెండో భార్య వంతు. సవతి పిల్లలంటే ఆమెకు గిట్టదు. విత్తే కాలానికి ముందు రాజ్యంలోని ఆడవాళ్లందరినీ చాటుగా పిలిచి, విత్తనాలు వేయించమంది. ఇది చెబుతూ నేను పెనం మీద గరిటె తిప్పుతున్నట్టు చేతులు తిప్పి, ఎవరైనా చూస్తున్నారేమోనని కంటి చివరి నుంచి అటూ ఇటూ చూసేదాన్ని. ఆడవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. రాజ్యమంతా విత్తారు. ఒక్క మొలక రాలేదు. రాజు భయపడి, దేవుడి మాట కనుక్కుని రమ్మని మనుషుల్ని పంపాడు. రెండో భార్య వాళ్లను లోబరుచుకుని, పెద్ద భార్య కొడుకును బలి ఇస్తేనే పంట పండుతుందని చెప్పించింది. రాజు ఏడుస్తూనే కన్నకొడుకును బలిపీఠం దగ్గరికి నడిపించాడు.

"ఆ రాజు వంద గింజలు తడి గోనెలో చుట్టి చూసుకుని ఉంటే ఆ ఇల్లు నిలబడేదా కాదా?" అని ముగించేదాన్ని. చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ మాట ఎవరూ మరిచిపోయేవాళ్లు కాదు. మా పెద్దసారు పక్క జిల్లా నుంచి వచ్చిన అధికారులకు నన్ను చూపించి, "మా మేడం కథ చెబితే రైతు కదలడు" అనేవారు. నాకూ అది గొప్పగానే ఉండేది.

ఆ కథకు ఇంకా సగం ఉంది. బంగారు ఉన్ని ఉన్న పొట్టేలు వచ్చి పిల్లలిద్దరినీ ఎత్తుకుపోతుంది. తర్వాత రాజుకు మతి చెడి, రెండో భార్య కన్న కొడుకును జింక అనుకుని వేటాడి చంపుతాడు. ఆమె మిగిలిన పసివాణ్ణి చంకన వేసుకుని కొండ మీద నుంచి సముద్రంలో దూకుతుంది. రాజు ఒక్కడే మిగిలి దేశం వదిలిపోతాడు. అది నేనెప్పుడూ చెప్పలేదు. తెలియక కాదు. భోజనాల వేళ దాటిపోతుందని, పైగా విత్తన పరీక్షకు ఆ సగంతో పని లేదని.

ఒక ఏడు వాన బాగానే పడింది. పడిన రెండు వారాలకు ఒక యువకుడు ల్యాబుకు వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయి. ధర్మవరంలో మగ్గం నేస్తాడట. వేళ్ల మీద పట్టుదారం కోసిన సన్నటి గీతలు. భుజం మీది తువ్వాల కొసలో ముడి విప్పి, దోసెడు వేరుశనగ గింజలు నా బల్ల మీద పోశాడు.

"మేడం, ఇవి ఇత్తగా మిగిలినవి. వేంచిన ఇత్తనాలా కాదా చెప్తారా?"

నేను నవ్వాను. "వేయించినవి ఎవరైనా విత్తుతారా అప్పా?"

"మా ఊర్లో అట్లంటాండారు మేడం. మా చేన్లో యాడో ఒకటి మొలిచినాది, మిగతా అంతా మట్టే. మా చిన్నమ్మ వేంచి పెట్టినాదంట. యాడో ఒక రాజు రెండో పెండ్లాం ఇట్లే చేసినాదంట. పోయిన నెల మీటింగులో ఎవరో మేడం చెప్పినారంట."

ఆ మేడం నేనే అని చెప్పలేదు. నవ్వు మాత్రం ఆగిపోయింది. కూర్చోమని కుర్చీ చూపించాను.

అతని తొమ్మిదో ఏట తల్లి జబ్బు చేసి పోయిందట. తండ్రి మడకశిర అవతల నుంచి ఇంకొకామెను చేసుకున్నాడు. ఆమె మాటలో కన్నడం ఎక్కువ. ఇన్నేళ్లయినా ఊళ్లో ఆడవాళ్లు ఆమెను కలుపుకోలేదు. ఆమెకు నాలుగేళ్ల కూతురు. తండ్రి ఆ ఏడు టౌనులో ఒక వ్యాపారి దగ్గర విత్తనపు గింజలు కొన్నాడు. ఎలుకల భయానికి మూటలు వంటింట్లో పెట్టించాడు. ఆ రోజుల్లోనే ఆమె పెనం మీద వేరుశనగలు వేయిస్తుండగా తండ్రి అక్క, అంటే ఈ అబ్బాయి మేనత్త, చూసిందట.

"చెనిక్కాయలు వేంచకుండా ఈ జిల్లాలో ఏ ఇంట్లో ఉంటారు మేడం?" అన్నాడు. "పాపకు పొడి కొట్టేదానికి వేంచింది. అది ఇప్పుడు రుజువైపాయ."

"మీ నాయన ఏమంటాడు?"

"ఏమీ అనడు. అదే బాధ."

"నీకు అనుమానం లేదా?"

నా వైపు అదోలా చూశాడు. "నాకు అమ్మవారు పోసినప్పుడు పక్కన కూసోని యాపాకుతో విసిరింది ఆమే మేడం. మా అత్త వాకిలి కూడా తొక్కలే. సవతి కొడుకును చంపేదానికి చేసిందంటాండారు. సవతి కొడుకును నేనే కదా. నన్నెవరూ అడగలే." గింజల్ని నా వైపు తోసి, "వేంచలేదని ఒక కాగితం రాసిస్తే సాలు మేడం" అన్నాడు.

పది రోజులు పడుతుందని చెప్పాను. అతను చీటీ మీద ఫోను నంబరు రాసి, మూడుసార్లు సరిచూసుకుని నా చేతిలో పెట్టి వెళ్లాడు.

ఇక్కడ కొంచెం పని వివరం చెప్పాలి. వేరుశనగను తేమలో పెట్టాక ఐదో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి మొలకలు లెక్కపెడతాం. రిపోర్టు పదో రోజు లెక్క మీదే రాస్తాం. ఐదో రోజు నేను కాగితం చుట్ట విప్పాను. వందలో పదకొండు మొలిచి ఉన్నాయి. వంకర వేళ్లు, నీరసపు మొలకలు. అయినా మొలకలే. మిగిలినవి బూజు పట్టి ఉన్నాయి. నెలల తరబడి ఎండకు కాగిన రేకుల గోదాములో ఉన్న విత్తనం సరిగ్గా ఇలాగే చచ్చిపోతుంది, కొంచెం కొంచెంగా, ఒక్కొక్క గింజా. పెనం మీద వేగిన గింజ అలా చావదు. వేయించిన గింజ వందలో ఒక్కటీ మొలవదు. దీనికి చదువు కూడా అక్కర్లేదు. చేనులో అక్కడక్కడా వచ్చిన మొక్కలు ఆ మాటే చెప్పాయి గానీ, అవి నిరుడు నేలలో మిగిలిపోయిన కాయల మొక్కలని ఊరు తేల్చేసింది.

అంటే ఐదో రోజే నాకు తెలుసు.

పెద్దసారు గదికి వెళ్లి, ఆ అబ్బాయికి నోటిమాటగా చెప్పేస్తానన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. నిబంధన మనిషి. "చివరి లెక్క కాకుండా మాట బయటపెడితే రేపు ఆ వ్యాపారి మన మీదికే వస్తాడమ్మా. మనం మొలకలు లెక్కపెట్టేవాళ్లం, కాపురాలు లెక్కపెట్టేవాళ్లం కాదు" అన్నారు.

ఆయన మాట వల్ల ఆగానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఫోను చేస్తే ఆ అబ్బాయి ఇంకేదైనా అడుగుతాడు. ఆ కథ చెప్పిన మేడం ఎవరో ఏ మాటలోనో బయటపడుతుంది. ఆ సంగతి ఆఫీసు దాకా వస్తుంది. నా కథలకు నాకొక పేరుంది మరి. ఆ పేరు కోసం ఆగాను.

మా అటెండరు రిటైరుమెంటుకు దగ్గరపడ్డ పెద్దమనిషి. ట్రేలు కడుగుతూ, "ఫోన్ చేసేయండి మేడం. మొలిచినాది అని చెప్పేదానికి సీలెందుకు?" అన్నాడు. చేస్తాలే అన్నాను. చేయలేదు.

పదో రోజు లెక్క అదే వచ్చింది. రిపోర్టు రాసి, సంతకం చేయించి, సీలు వేయించి, తపాలాలో వేయకుండా నేనే బస్సెక్కాను. అటెండరు కూడా వచ్చాడు. నా చేత్తో ఇస్తే ఏదో కొంచెం తగ్గుతుందని నా ఆశ.

ఊళ్లో బస్సు దిగగానే ఆ ఇల్లు ఎక్కడని అడగాల్సిన పని పడలేదు. వాకిట్లో జనం. ఆ అబ్బాయి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఏం జరిగిందో పక్కింటి ముసలాయన చెప్పాడు.

ముందు రోజు ఉదయం పెద్దమనుషులు కూర్చున్నారట. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, విత్తనాలు వేయించలేదని ప్రమాణం చెయ్యమన్నారు. చెయ్యనందామె. "నేను వేంచలే. దానికి నా బిడ్డ తల ఎందుకు?" అందట. చెయ్యనంటే చేసినట్టే కదా అని ఎవరో అన్నారు. అందరూ భర్త వైపు చూశారు. అన్ని రోజులుగా నోరు మెదపని మనిషి అప్పుడు మెదిపాడు. "తప్పు లేకపోతే భయమెందుకు, చెయ్యి" అన్నాడు.

ఆమె బిడ్డను ఎత్తుకుని చేను దారి పట్టింది. కోపం తగ్గితే వస్తుందిలే అనుకున్నారు. చేనులో వాళ్ల తాత తవ్వించిన బావి ఉంది. ఎండిపోయి చాలా ఏళ్లయింది. బిడ్డతో అందులో దూకింది. నీళ్లుంటే ఇద్దరూ పోయేవాళ్లు. అడుగున బండ. బిడ్డ పోయింది. తల్లి తుంటి ఎముక విరిగి బతికింది.

ధర్మవరంలో మగ్గం మీదున్న కొడుకు కబురంది వచ్చేసరికి ఆమెను అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయారు. చెల్లెల్ని మట్టిలో పెట్టింది అతనే.

నా చేతిలో కవరు ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియలేదు. తండ్రి నా దగ్గరికి వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి, ఎండకు నల్లబడిన పెద్ద చేతులు. "ఏమి రాసినారు?" అన్నాడు.

"వేయించినవి కావు. కొన్నప్పుడే చచ్చిన విత్తనాలు. వందలో పదకొండు మొలిచాయి. వేయించి ఉంటే ఒక్కటీ మొలిచేది కాదు."

"పదకొండా?"

"పదకొండు."

ఆయన కాగితం తీసుకుని తిరగేసి చూశాడు. ఆయనకు చదువు రాదు. అక్క దగ్గరికి పోయి, "పదకొండు మొలిచినాయంట" అన్నాడు, ఎవరిదో పొలం సంగతి చెబుతున్నట్టు. ఆమె ముఖం పాలిపోయింది. నన్ను చూసి, "నువ్వే కదమ్మా ఆ పొద్దు చేతులు తిప్పి చూపించినావు" అంది.

వాకిలంతా నా వైపు తిరిగింది. అవునన్నాను.

ఆ అబ్బాయి అప్పుడు తలెత్తాడు. కోపగిస్తాడనుకున్నాను, కోపగిస్తే బాగుండుననుకున్నాను. "మీకు ఎప్పుడు తెలిసినాది మేడం?" అన్నాడు.

ఈరోజే అని చెప్పవచ్చు. రిపోర్టు మీద ఆ రోజు తేదీయే ఉంది. పక్కనే అటెండరు నిలబడి ఉన్నాడు. అతనైతే నోరు విప్పడు.

"ఐదో రోజు" అన్నాను.

అతను వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. చెల్లెలు పోయిన రోజు దాకా నాలుగు రోజులు. "నంబరు రాసిచ్చినా కదా" అన్నాడు. అంతే. బస్సు వచ్చేదాకా అటెండరూ నేనూ రోడ్డు మీద ఎండలో నిలబడ్డాం.

పోలీసులు వచ్చి అడిగితే, కాలు జారి పడిందని ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. అలా నిలబడగలిగిన ఊరు రెండు రోజుల ముందు నిలబడలేకపోయింది. ఆ వ్యాపారి మీద ఫైలు మొదలైంది. రైతులే సరిగ్గా దాచుకోలేదని ఆయన జవాబు రాశాడు. నేను రిటైరయ్యే నాటికి ఆ ఫైలు ఇంకా నడుస్తూనే ఉంది. పెద్దసారు నన్ను పిలిచి, "నిబంధన ప్రకారం మీ తప్పేమీ లేదమ్మా" అన్నారు. ఓదార్పుగానే అన్నారు. ఉద్యోగంలో నన్ను అంతగా బాధపెట్టిన మాట ఇంకొకటి లేదు.

ఆసుపత్రికి వెళ్లడానికి నాకు వారం పట్టింది. ఆమె మంచం మీద, కాలుకు బరువు కట్టించుకుని పడుకుని ఉంది. నేను అనుకున్నదాని కంటే చిన్నది, ముప్పై దాటి ఉండవు. నేనెవరో చెప్పబోయాను.

"తెలుసు మేడం" అంది. "ఆ పొద్దు నేనూ వచ్చినా మీటింగుకు. పాపను ఒళ్లో కూసోబెట్టుకోని వింటి. శానా బాగా చెప్పినారు. నేనూ నవ్వినా."

క్షమించమని అడగడానికి వెళ్లినదాన్ని. ఆ మాట సగంలో ఉండగానే ఆమె చెయ్యెత్తి, "బ్యాడ మేడం" అంది. వద్దని, వాళ్ల కన్నడంలో. కళ్లు మూసుకుంది. నర్సు వచ్చి వెళ్లమనేదాకా అక్కడే కూర్చున్నాను.

ఆ తర్వాత ఊళ్లకు వెళ్లినప్పుడు ఏ కథా చెప్పలేదు. వంద గింజలు, తడి గోనె, వారం. రైతులు నిద్రపోయేవాళ్లు. పోనిచ్చాను. ఐదో రోజు లెక్క కాగానే, అవసరం ఉన్నచోటికి ఫోను చేసి చెప్పడం మొదలుపెట్టాను. రెండుసార్లు మెమో ఇచ్చారు, తీసుకున్నాను. మీకు కూడా ఇస్తారు. తీసుకోండి. మనం పంపే కాగితం కోసం అవతల ఎవరో రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. వాళ్ల రోజు మన రోజు కంటే పొడవు.

ఆ అబ్బాయి తండ్రి సంగతి అటెండరు ద్వారా తెలిసేది. మళ్లీ విత్తలేదట. చేను బీడు పెట్టేశాడు. వానలు పడ్డాక ఎవరెవరి చేలలోకో పోయి, సాలులో గొంతుక్కూర్చుని మొలకలు లెక్కపెడతాడట. పదకొండు దాకా లెక్కపెట్టి, లేచి, ఇంకో సాలులో మళ్లీ మొదటి నుంచి. మొదట్లో తిట్టేవాళ్లు, తర్వాత వదిలేశారు. అక్క తిండి పెడతానన్నా ఆ ఇంటికి పోయేవాడు కాదు.

రిటైరయ్యాక ఒక పెళ్లికి ధర్మవరం వెళ్లినప్పుడు, అడుగుతూ అడుగుతూ ఆ అబ్బాయి ఇల్లు పట్టుకున్నాను. పెళ్లయింది, రెండు మగ్గాలు పెట్టుకున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టి, కాసేపు గడపలోనే నిలబెట్టి, తర్వాత లోపలికి రమ్మన్నాడు. అతని చిన్నమ్మ నడవలో పీట మీద, విరిగిన వైపు కాలు చాచుకుని, రాట్నం తిప్పుతూ పట్టుదారం కండెలకు చుడుతోంది. కూర్చోమంది. కోడలు మంచినీళ్లు ఇచ్చింది.

నేను లోపలికి వస్తున్నప్పుడే బయట అరుగు మీద ఒక మనిషి కంచం ముందు పెట్టుకుని తింటూ కనబడ్డాడు. తెల్లటి గడ్డం, చిక్కిపోయిన ఒళ్లు. చేతుల్ని చూసి ఆ అబ్బాయి తండ్రేనని పోల్చుకున్నాను.

"వస్తుంటాడా?" అని మెల్లగా అడిగాను.

"నెలకొకసారో రెండుసార్లో. నడిచే వస్తాడు." ఆమె దారం తెగిన చోట పంటితో కొరికి ముడివేసింది. "అన్నం పెడతా మేడం. మాట పెట్టను."

కొడుకు మగ్గం గుంతలోకి దిగి నేత మొదలుపెట్టాడు. బయట ఆయన తినడం ముగించి, తొట్టి దగ్గర కంచం కడిగి గోడకు బోర్లించాడు. వాకిలి వైపు తిరిగి కొంచెంసేపు నిలబడ్డాడు. లోపలి నుంచి ఎవరూ పిలవలేదు. తువ్వాలతో మూతి తుడుచుకుని వీధిలోకి నడిచాడు.

ఆమె తలెత్తకుండానే కోడల్ని అడిగింది. "పోయినాడా?"

"పోయినాడత్తా."

"అన్నమంతా తిన్నాడా?"

"ఒక్క మెతుకు మిగల్చలేదు."

ఆమె రాట్నం ఆపలేదు. "పైసారి ఇంకో ముద్ద ఎక్కువ పెట్టు" అంది.